చేపకు మందు: అక్వేరియం షాపు సీసానా, మెడికల్ షాపు స్ట్రిప్పా?

హైదరాబాద్‌లో చేప మందు అంటే ఎవరికైనా మృగశిర కార్తె, నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్, గొంతులోకి జారే కొరమీను పిల్లే గుర్తొస్తాయి. అది చేపతో మనిషికి వేసే మందు. ఇక్కడ చూస్తున్నది చేపకే వేసే మందు సంగతి. అక్వేరియం షాపు అరల్లోని పొడులు, క్యాప్సూళ్లు, రంగునీళ్ల సీసాలు ఒకవైపు, మెడికల్ షాపులో మనుషుల కోసం అమ్మే అవే మందులు ఇంకోవైపు. వీటిలో ఏది పనిచేస్తుంది, ఏది డబ్బు దండగ, ఏది ట్యాంకునే ముంచుతుంది అన్నదే లెక్క.

అమెరికాలో ఈ గోల తిరగేసి నడుస్తోంది. డాక్టర్ ఫీజుకు జంకి, చీటీ లేకుండా దొరుకుతున్నాయి కదా అని చేపల అమాక్సిసిలిన్ క్యాప్సూళ్లను అక్కడ మనుషులు మింగుతుంటారు. క్యాప్సూల్ రంగూ దాని మీది అంకెలూ మనుషుల మందులాగే ఉన్నాయి కాబట్టి లోపలున్నదీ అదేనని వాళ్ల ధీమా. నిజానికి అక్వేరియం చేపల పేరుతో అక్కడ అమ్మే యాంటీబయాటిక్స్‌లో ఒక్కదానికీ అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆమోదం లేదు. 2023 డిసెంబరులో అలాంటివి తయారుచేసి అమ్మే తొమ్మిది సంస్థలకు హెచ్చరిక లేఖలు కూడా వెళ్లాయి. ఆమోదం లేదంటే క్యాప్సూల్‌లో ఏముందో, ఎంతుందో ఎవరూ సరిచూడలేదని అర్థం.

మన దగ్గర ఆ అవసరమే రాదు. అమాక్సిసిలిన్, డాక్సీసైక్లిన్, మెట్రోనిడజోల్, సిప్రోఫ్లాక్సాసిన్ నాలుగూ నిత్యావసర మందుల జాతీయ జాబితాలో ఉన్నాయి. ధర మీద ప్రభుత్వ పరిమితి ఉంది, జన ఔషధి కేంద్రంలో ఇంకా చవక. అందుకే ఇక్కడ ప్రవాహం అటునుంచి ఇటు కాదు, ఇటునుంచి అటు. మనిషి మాత్రే చేపల ట్యాంకులో పడుతోంది. "అన్నా, గోల్డ్‌ఫిష్ తోక కుళ్లిపోతోంది" అంటే, "ఈ క్యాప్సూల్ విప్పి పోసెయ్, రెండ్రోజుల్లో సెట్" అనే సలహా పాతబస్తీలోనైనా కూకట్‌పల్లిలోనైనా ఒకటే.

ముందు సీసా మీద రాత చూడాలి. మన చట్టం ప్రకారం పశుపక్ష్యాదుల మందు మీద అది మనుషుల వాడకానికి కాదు, జంతువుల చికిత్సకు మాత్రమే అన్న మాట ఇంగ్లిష్‌లో ఉండాలి. పక్కనే పెంపుడు జంతువు తల బొమ్మ ఉండాలి. తయారీ లైసెన్స్ నంబరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ, మందు అసలు పేరు, అది ఎన్ని మిల్లీగ్రాములో ఉండాలి. అక్వేరియం షాపులో చేతికొచ్చే సీసాల్లో చాలావాటి మీద చేప బొమ్మ తప్ప ఇవేవీ కనపడవు. "ఫంగస్, ఫిన్ రాట్, వైట్ స్పాట్, అన్నిటికీ" అని ఉంటుంది. అన్నిటికీ పనిచేసే మందంటూ ఏదీ లేదు. వైట్ స్పాట్ ఒక ఏకకణ జీవి వల్ల వస్తుంది, తోక కుళ్లు బ్యాక్టీరియా వల్ల, దూదిలాంటి బూజు ఫంగస్ వల్ల. మూడింటికీ మూడు దారులు. ఇక జిప్ కవర్లోకి మార్చి అమ్మే పొడికి ఊరూ పేరూ ఉండదు. దాన్ని అడిగినవాళ్లకు "పసుపు మందు" అని ఇస్తారు.

ఆ అర ఉన్న చోటు కూడా గమనించండి. కింద నీళ్ల ట్యాంకులు, పైన ట్యూబ్‌లైటు, మధ్యలో మందులు. తేమ, వెలుతురు, వేడి మూడూ ఒకేచోట. టెట్రాసైక్లిన్ జాతి మందులకు ఈ మూడూ పడవు. గడువు దాటి చెడిన టెట్రాసైక్లిన్ మింగిన మనుషులకు మూత్రపిండాల గొట్టాలు దెబ్బతిన్న కేసులు 1960ల్లోనే వైద్య పత్రికల్లోకి ఎక్కాయి. మెడికల్ షాపు స్ట్రిప్పులో ఒక్కో మాత్ర విడిగా రేకులో మూసి ఉంటుంది. నాణ్యతలో స్ట్రిప్పుకే మార్కులు, ఇందులో వాదన లేదు. కానీ నాణ్యమైన మందైనంత మాత్రాన సరైన మందు అయిపోదు. గొడవంతా అక్కడే.

ఉన్నవాటిలో ఎక్కువ మార్కులు మెట్రోనిడజోల్‌కు. ఫ్లవర్‌హార్న్, ఆస్కార్, డిస్కస్ పెంచేవాళ్లకు ఈ లక్షణాలు తెలిసినవే: తల మీద సూదిగుంటలు, తెల్లటి దారంలా వేలాడే విరేచనం, తిండి గుళిక నోట్లోకి తీసుకుని వెంటనే ఉమ్మేయడం. పేగులో హెక్సామిటా, స్పైరోన్యూక్లియస్ అనే సూక్ష్మజీవులు చేరితే ఇలా అవుతుంది. మనుషులకు నీళ్ల విరేచనాలు తెప్పించే జియార్డియాకు ఇవి దగ్గరి చుట్టాలు. మనకిచ్చే ఫ్లాజిల్, మెట్రోజిల్ మాత్రే చేపకూ పనికిరావడం అందుకే.

మోతాదు లీటరుకు 6.5 నుంచి 7 మి.గ్రా. ఎపీఐ కంపెనీ జనరల్ క్యూర్ పొట్లం విప్పి లెక్కేసినా దాదాపు ఇదే వస్తుంది. ఒక పొట్లంలో 250 మి.గ్రా. మెట్రోనిడజోల్, 75 మి.గ్రా. ప్రాజిక్వాంటెల్ ఉంటాయి, 38 లీటర్లకు ఒకటి, 48 గంటల తర్వాత మరొకటి. మొప్పల పురుగులు కూడా ఉన్నాయన్న అనుమానం ఉంటే ఆ పొట్లానికి ఇచ్చిన డబ్బు దండగ కాదు, ప్రాజిక్వాంటెల్ పని అదే. పేగు జబ్బు ఒక్కటే అయితే 400 మి.గ్రా. మాత్ర చాలు.

ఆ మాత్రను ట్యాంకులో పడేసే ముందు నీళ్లు కొలవాలి. మన ఇళ్లల్లో ఎక్కువగా కనపడేది రెండడుగుల ట్యాంకు. 60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, నీళ్ల ఎత్తు 25 అనుకుంటే, గుణించి వెయ్యితో భాగిస్తే 45 లీటర్లు. అడుగున రంగురాళ్లు, బొమ్మలు ఐదు లీటర్లు తినేస్తాయి. మిగిలింది 40. లీటరుకు 6.5 చొప్పున 260 మి.గ్రా. కావాలి. మాత్రను కత్తితో మూడు ముక్కలు చేసి రెండు వేయడం మొరటు పని. దాన్ని రెండు స్పూన్ల మధ్య మెత్తగా నలిపి, సరిగ్గా 100 మి.లీ. గోరువెచ్చని నీటిలో పది నిమిషాలు కలపండి. ఇప్పుడు మిల్లీలీటరుకు 4 మి.గ్రా. సూదిలేని సిరంజితో 65 మి.లీ. తీసి పోస్తే 260. అడుగున తెల్లగా మిగిలేది మందు కాదు, మాత్ర గట్టిపడేందుకు కలిపిన పిండి. దాన్ని పోయకండి, నీళ్లు మబ్బుగా మారేది దానివల్లే. పొడిని తక్కెడలో తూచి లెక్కేయడం కూడా తప్పు. 400 మాత్ర బరువు 400 మి.గ్రా. ఉండదు, పిండితో కలిపి అంతకంటే ఎక్కువే తూగుతుంది.

రోజుకోసారి చొప్పున ఐదు రోజులు, ప్రతి కొత్త మోతాదుకు ముందు పాతిక శాతం నీళ్లు మార్చాలి. ఫిల్టర్‌లో బొగ్గు ఉంటే తీసేయాలి. ఇది మరిచిపోతే మందంతా గంటల్లోనే బొగ్గు పీల్చేస్తుంది, "మనిషి మందు చేపకు పనిచేయదు" అన్న నింద మాత్రం మాత్ర మీద పడుతుంది.

చేప ఇంకా తింటుంటే నీళ్లలో కంటే తిండిలో ఇవ్వడమే మేలు. మంచినీటి చేప నీళ్లు దాదాపు తాగదు. దాని ఒంట్లో ఉప్పు బయటి నీటికంటే ఎక్కువ కాబట్టి నీరు మొప్పల నుంచి తనంతట తనే లోపలికి చేరుతుంది, తాగే పని ఉండదు. అలాంటప్పుడు తింటున్న చేపకు పేగులోని జబ్బుకని నీళ్లలో మందు కలపడం తలనొప్పికి స్నానం చేయించినట్టే. గ్రాము తిండికి 10 మి.గ్రా. లెక్క. అంటే 10 గ్రాముల గుళికలకు 100 మి.గ్రా., 400 మాత్రలో పావు. చెంచా వేడినీటిలో చిటికెడు జెలటిన్ కరిగించి, చల్లారాక మందు కలిపి, గుళికలకు పట్టించి పళ్లెంలో ఆరబెట్టాలి. జెలటిన్ లేకపోతే మందు నీళ్లలోనే కరిగిపోతుంది, చేప నోటిదాకా రాదు. ఆరాక డబ్బాలో వేసి ఫ్రిజ్‌లో పెట్టి ఐదు రోజులు వాడాలి. మందు చేదు. మొదటిరోజు ఉమ్మేస్తే కాస్త వెల్లుల్లి రసం కలిపితే చాలావరకు దారికొస్తాయి.

మెడికల్ షాపులో అడిగేటప్పుడు ఒక జాగ్రత్త. "మోషన్స్ టాబ్లెట్" అంటే ఆఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్ కలిపిన మాత్ర చేతిలో పెడతారు. అది వేరే మందు. పిల్లల సిరప్ అసలు వద్దు. అందులోని మెట్రోనిడజోల్ బెంజోయేట్ రూపంలో ఉంటుంది, నీళ్లలో సరిగా కరగదు, పైగా చక్కెర. తీపి పడిన ట్యాంకు ఒక్క రాత్రిలో పాలలా తెల్లబడుతుంది. ఇవన్నీ షెడ్యూల్ హెచ్ మందులు, చీటీ మీదే అమ్మాలి. పశువైద్యుడి చీటీ చెల్లుతుంది.

తర్వాత టెట్రాసైక్లిన్. అక్వేరియం షాపుల్లో ఎక్కువగా ఇచ్చేదీ, హైదరాబాద్‌లో తక్కువగా పనిచేసేదీ ఇదే. కారణం మన బోరు నీళ్లు. మంజీరా, కృష్ణా నీళ్లు నల్లాలో వచ్చే ఇళ్లు కొంత నయం. బోరు మీద బతికే అపార్టుమెంట్లలో టీడీఎస్ మీటరు 500 దాటడం మామూలే. ఆ అంకెలో కాల్షియం, మెగ్నీషియం వాటా బాగా ఉంటే టెట్రాసైక్లిన్ పోసీ పోయగానే వాటికి అతుక్కుంటుంది. అతుక్కున్న మందు చేప ఒంట్లోకి వెళ్లదు. ఈ మందు వేసుకునేటప్పుడు పాలు తాగొద్దని, గ్యాస్ మాత్రలు పక్కనే వేసుకోవద్దని మనుషులకు చెప్పేది కూడా ఇందుకే. బోరు నీళ్ల ట్యాంకులో టెట్రాసైక్లిన్ అంటే పాలగ్లాసులో మాత్ర వేసి చేపను అందులో ముంచడమే. డాక్సీసైక్లిన్‌దీ కొంతవరకు ఇదే కథ.

పైగా వెలుతురు తగిలితే ఇది విరుగుతుంది. నీళ్లు ముందు పసుపుపచ్చగా, తర్వాత టీ డికాషన్ రంగులోకి తిరుగుతాయి. "మందు పట్టింది" అని సంబరపడే రంగు కాదది, మందు చెడిపోయిన రంగు. వెంటనే సగం నీళ్లు మార్చాలి. వాడక తప్పకపోతే ఆక్సీటెట్రాసైక్లిన్‌ను తిండిలో, చేప బరువు కిలోకు రోజుకు 55 నుంచి 83 మి.గ్రా. చొప్పున 10 రోజులు. వంద గ్రాముల గోల్డ్‌ఫిష్‌కు ఇది 5.5 నుంచి 8 మి.గ్రా. క్యాప్సూల్‌లో ఉండేది 250 లేదా 500. "ఒక క్యాప్సూల్ విప్పి పోసెయ్" అన్న సలహాకు ఇక్కడ విలువ ఎంతో ఈ అంకెలే చెబుతాయి.

అమాక్సిసిలిన్ గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. మనుషుల గొంతు, చెవి ఇన్ఫెక్షన్లకు మంచి మందు. చేపలను చంపే బ్యాక్టీరియాలో ఎక్కువభాగం ఏరోమోనాస్, సూడోమోనాస్, ఫ్లేవోబ్యాక్టీరియం లాంటి గ్రామ్ నెగటివ్ రకాలు, అమాక్సిసిలిన్ బలం ఎక్కువగా గ్రామ్ పాజిటివ్ మీద. పైగోడ తీరును బట్టి బ్యాక్టీరియాను విడదీసే రెండు వర్గాలివి. స్ట్రెప్టోకాకస్ అని ల్యాబ్‌లో తేలితే తప్ప వాడకండి. ఎరిత్రోమైసిన్‌కూ ఇదే తీర్పు, అదనంగా ఫిల్టర్ బ్యాక్టీరియాను దెబ్బతీస్తుంది. జెంటామైసిన్ ఇంజెక్షన్ చవగ్గా దొరుకుతుందని ట్యాంకులో కలిపేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. అది చేపల మూత్రపిండాలను పాడుచేస్తుంది. పొట్ట ఉబ్బి పొలుసులు లేచిన చేపకు అప్పటికే మూత్రపిండాలు దెబ్బతిని ఉండొచ్చు, దానికిది ఇస్తే పని ముగిసినట్టే. ఇదే జాతిలో నీళ్లలోంచి ఒంట్లోకి చేరగలిగేది కానమైసిన్. సీకెమ్ వారి కానాప్లెక్స్ దాని పొడే. 20 లీటర్లకు ఒక కొలత, రెండు రోజులకోసారి, గరిష్ఠంగా మూడుసార్లు. తోక కుళ్లు నిజంగా బ్యాక్టీరియా వల్లే అయి, చేప తిండి మానేస్తే, అక్వేరియం అరలో కొనదగ్గది ఇదొక్కటే అని మా లెక్క.

సిప్రోఫ్లాక్సాసిన్‌కూ కాల్షియం, మెగ్నీషియం ఎక్కువున్న గట్టినీళ్లలో బలం తగ్గుతుంది. దాని పశువుల తోబుట్టువు ఎన్‌రోఫ్లాక్సాసిన్ కోళ్లకోసం 10 శాతం ద్రావణంగా వెటర్నరీ మందుల షాపుల్లో దొరుకుతుంది. మిల్లీలీటరుకు 100 మి.గ్రా. లీటరుకు 2.5 నుంచి 5 మి.గ్రా., రోజుకు ఐదు గంటలు, ఐదు నుంచి ఏడు రోజులన్నది స్నానపు మోతాదు. 40 లీటర్లకు ఒకటి నుంచి రెండు మిల్లీలీటర్లు. బలమైన మందే, కానీ పశువైద్యుడు చూసి చెబితేనే. ఈ మందుకు లొంగని బ్యాక్టీరియాను పెంచే పనిలో మన ఊరికి ఇప్పటికే పేరుంది. 2007లో స్వీడన్ పరిశోధకులు మందుల కంపెనీల మురుగును శుద్ధి చేసే పటాన్‌చెరు కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మి.గ్రా. దాకా ఉందని ప్రకటించారు. అంటే చేపలకు చికిత్స కోసం పోసే మోతాదుకు ఆరు రెట్లు, శుద్ధి చేసి వదిలే నీటిలో.

ఇక ఆ పసుపు మందు. అది నైట్రోఫ్యూరజోన్ కావొచ్చు, ఆక్రిఫ్లేవిన్ కావొచ్చు. నీళ్లలో రెండూ పసుపే, జిప్ కవర్ మీద ఏదీ రాయరు. నైట్రోఫ్యూరజోన్ అయితే వెలుతురుకు చచ్చిపోతుంది, ట్యాంకు మీద దుప్పటి కప్పాలి. తినే చేపల్లో, రొయ్యల్లో దీన్ని నిషేధించారు కాబట్టి పెరటి తొట్టిలో కొరమీను, తిలాపియా పెంచుకుని వండుకునేవాళ్లు దీని జోలికి పోకూడదు. వైట్ స్పాట్‌కు వేసే మాలకైట్ గ్రీన్‌కూ ఇదే వర్తిస్తుంది. కాలిన గాయాలకు పూసే నైట్రోఫ్యూరజోన్ ఆయింట్‌మెంట్‌ను ట్యాంకులో కలపొచ్చా అని అడిగేవాళ్లున్నారు. కలపొద్దు, లాభం లేదు. పేరులేని పసుపు పొడికి మా మార్కు సున్నా.

మిథిలీన్ బ్లూ మాత్రం ఇంట్లో ఉండదగ్గ సీసా. గుడ్లకు బూజు పట్టకుండా, లీటరుకు 1 నుంచి 3 మి.గ్రా. ఒక శాతం ద్రావణమైతే మిల్లీలీటరుకు 10 మి.గ్రా., పది లీటర్ల తొట్టికి రెండు మిల్లీలీటర్లు చాలు. ఆసుపత్రుల్లో రక్తం ఆక్సిజన్ మోయలేని స్థితికి వచ్చిన మనిషికీ ఇదే నీలి మందు నరంలోకి ఎక్కిస్తారు. నైట్రైట్ విషం వల్ల రక్తం చాక్లెట్ రంగుకు తిరిగిన చేపదీ అదే జబ్బు. అయితే చేపకు మొదట వేయాల్సింది దొడ్డు ఉప్పు, లీటరుకు ఒక గ్రాము. అందులోని క్లోరైడ్ నైట్రైట్‌ను మొప్పల దగ్గరే అడ్డుకుంటుంది. నీలి మందును అసలు ట్యాంకులో పోస్తే అంచుల్లోని సిలికాన్ నీలంగా మిగిలిపోతుంది, ఫిల్టర్ బ్యాక్టీరియా చస్తుంది. వేరే తొట్టి వాడండి.

ఈ ఫిల్టర్ బ్యాక్టీరియా సంగతే షాపులో ఎవరూ చెప్పరు. స్పాంజిలో బతికే బ్యాక్టీరియా చేప వదిలే అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మారుస్తుంది. యాంటీబయాటిక్‌కు మంచి బ్యాక్టీరియా, చెడ్డ బ్యాక్టీరియా అన్న తేడా తెలియదు. మందు పోసిన మూడోరోజు చేపలు పైకొచ్చి నోరు తెరుస్తుంటే జబ్బు ముదిరిందని ఇంకో క్యాప్సూల్ పోస్తారు. అక్కడ చంపుతున్నది అమ్మోనియా. 20 లీటర్ల ప్లాస్టిక్ టబ్బు, ఎయిర్ పంపు, అడుగున రాళ్లు లేకుండా, రోజూ సగం నీళ్ల మార్పు, నల్లా నీళ్లయితే క్లోరిన్ పోయేందుకు థయోసల్ఫేట్ చుక్కలు. ఆ టబ్బే చేపకు ఐసీయూ. ఏప్రిల్, మే నెలల్లో నీళ్లు 32 డిగ్రీలు తాకితే ఆక్సిజన్ ముందే తక్కువ, అప్పుడు మందు పోస్తే రెండో ఎయిర్ స్టోన్ తప్పనిసరి.

అసలు తోక చిరిగిందని వచ్చేవాటిలో చాలావాటికి యాంటీబయాటిక్ అక్కర్లేదు. అమ్మోనియా టెస్ట్ కిట్ చుక్కలు వేస్తే నీళ్లు ఆకుపచ్చగా తిరుగుతాయి, అంటే తప్పు నీళ్లలోని అమ్మోనియాది. వారం రోజులు రోజూ మూడోవంతు నీళ్లు మారిస్తే తోక అంచు పారదర్శకంగా మళ్లీ పెరగడం కంటికే కనపడుతుంది. డిసెంబరు, జనవరి రాత్రుల్లో హీటర్ లేని ట్యాంకులో నీళ్లు చల్లబడి ఒంటి మీద రవ్వ చల్లినట్టు తెల్లచుక్కలు వస్తే అది వైట్ స్పాట్. ఏ యాంటీబయాటిక్ దాన్ని ముట్టుకోదు. నెమ్మదిగా 30 డిగ్రీలకు పెంచిన హీటర్, ఉప్పు, మాలకైట్ గ్రీన్, అదీ దారి.

చేపల మందును మనిషి మింగొచ్చా అన్న ప్రశ్నకు జవాబు పై లేబుల్ దగ్గరే ఉంది, మింగకూడదు. అందులో ఏముందో తెలియదు, పెన్సిలిన్ పడనివాళ్లకు ఒక్క క్యాప్సూల్ ప్రాణం మీదికి తేగలదు, జలుబు లాంటి వైరస్ జబ్బులకు అది ఎలాగూ పనికిరాదు. ట్యాంకు నుంచి మనిషికి వచ్చే జబ్బు మాత్రం ఒకటుంది. మైకోబ్యాక్టీరియం మెరైనం, చేపల టీబీ. చేతి మీద గాయంతో ట్యాంకు కడిగితే కొన్ని వారాల తర్వాత వేలి మీదో మణికట్టు మీదో నొప్పిలేని ఎర్ర గడ్డ లేస్తుంది, ఒక్కోసారి చేయి పైకి వరసగా పాకుతుంది. అమాక్సిసిలిన్‌కు లొంగదు. క్లారిత్రోమైసిన్, రిఫాంపిసిన్, ఇథాంబ్యుటాల్ లాంటివి నెలల తరబడి వాడాల్సి వస్తుంది. మామూలు పరీక్షలో తరచూ దొరకదు, ఎందుకంటే అది పెరిగేది 30 డిగ్రీల దగ్గర, ల్యాబ్‌లో పెట్టేది 37 దగ్గర. మోచేతి దాకా వచ్చే రబ్బరు గ్లౌజులు వేసుకుని కడగండి. అలాంటి గడ్డ లేస్తే చర్మవ్యాధుల డాక్టరుకు అన్నిటికంటే ముందు ఇంట్లో చేపల ట్యాంకు ఉందని చెప్పండి. ఆయన అడగకపోయినా సరే.